మంచి చెవి వైపు మూల

మా భవనంలో కింది అంతస్తు వెనుక వాటా ఎక్స్ఛేంజి అక్కది. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఆమెకు లేకపోలేదు; అది కరెంటు బిల్లు మీద తప్ప మరెక్కడా వాడుకలో లేదు. బోర్డులో తీగలు గుచ్చి మనుషులను కలిపే కాలంలో టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేరి, ఆ బోర్డులను పాత ఇనుము కింద తూకం వేసి అమ్మేసిన రోజు దాకా అక్కడే పని చేసింది గనుక ఎక్స్ఛేంజి అక్క అన్న పేరే స్థిరపడింది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగితే, "లైను ఖాళీ దొరకలేదు" అనేది. అడిగినవాళ్ళు నవ్వేవారు, మళ్ళీ అడిగేవారు కారు.

మా నివాసుల సంఘం ఈ ఏటి నివేదికలో ఆమె గురించి ఒకే ఒక వాక్యం ఉంది: "సభ్యురాలి కోరిక మేరకు పెరటిలో ఒక మూల విడిచిపెట్టబడినది." నివేదిక నా బీరువాలో భద్రంగా ఉంది. అది చదివినవాడికి ఆమె అడిగింది ఆమెకు దక్కిందని అనిపిస్తుంది. అలా అనిపించడం నేను సహించలేను. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె చేసిన ఉద్యోగానికి ఒక కట్టుబాటు ఉండేది. ఇద్దరిని కలపాలి, కలిపిన మరుక్షణం మధ్యలోంచి తప్పుకోవాలి. లైనులో ఉండి వింటే సంజాయిషీ, నోరు విప్పితే సస్పెన్షను. ఎవరింట్లో బిడ్డ పుట్టినా, ఎవరింట్లో మనిషి పోయినా, ఆ కబురు ముందు ఆమె వేళ్ళ మీదుగా వెళ్ళేది. ఆమె మాత్రం "మాట్లాడండి" అని పక్కకు జరిగేది. ఆ అలవాటు ఒంట్లో ఇంకిపోయింది. నలుగురు కూర్చున్న చోటికి వస్తే, ఒకరికి తెలియని సంగతి మరొకరి చేత చెప్పించి, మాటలు ఊపందుకోగానే తాను లేచి వెళ్ళిపోయేది. మర్యాద అని కొందరనుకున్నారు. పొగరు అన్నవారే ఎక్కువ.

హెడ్‌ఫోను ఎడమ చెవికి తగిలించుకునేవారట, కుడి చెయ్యి తీగలకు ఖాళీగా ఉండాలి గనుక. ఎక్కడో లైను మీద పిడుగు పడినప్పుడల్లా, కోపిష్టివాడెవడో రిసీవరు విసిరికొట్టినప్పుడల్లా, ఆ చెవిలో కొరడాతో కొట్టినట్టుండేదట. ఉద్యోగ విరమణ నాటికి ఆ చెవి పూర్తిగా పోయింది. పరిహారం కోసం అర్జీ నేనే రాసిపెట్టాను. "వినికిడి లోపము వయోధర్మము" అని జవాబు వచ్చింది. వయసు ఎడమ చెవికి ఒక ఏట, కుడి చెవికి మరొక ఏట వస్తుందా అని తిరిగి అడిగాను. ఈ నాటికీ సమాధానం లేదు. కాగితాలన్నీ రసీదులతో సహా నా దగ్గరే ఉన్నాయి. నా ఆవేశం చూసి ఆమె నన్నే ఓదార్చింది: "పోనీండి అన్నయ్యగారూ, ఒకటి మిగిల్చారు కదా. రెండూ పీక్కుపోతే ఎవరిని అడిగేవాళ్ళం?"

ఆ మిగిలిన చెవితో ఆమె పెరటిని వినసాగింది.

పెరడు అన్నది పెద్ద మాట. ఆమె గది కిటికీకీ, ప్రహరీ గోడకూ నడుమ పొడుగ్గా ఒక పేలిక లాంటి జాగా. భవనం కట్టినవాడు మిగిలిన కంకర, ఇటుక ముక్కలు పోసి పోయాడు. కిటికీలోంచి చూస్తే కుడి చివర నీళ్ళ మోటారు గది. ఎడమ చివర విరిగిన తలుపులు, తుప్పు పట్టిన మంచాల చట్రాలు పారేసిన గుట్ట. తిప్పతీగ, కాకిదొండ పోటీపడి అల్లుకుని, కింద ఏముందో ఆనవాలు లేకుండా కప్పేశాయి. నడుమ అంతా ఎవరూ విత్తనం వేయని పచ్చదనం. ఉత్తరేణి కంకులు దారిన పోయేవాళ్ళ బట్టలు పట్టుకుని ఊరేగేవి. కుప్పింటాకు మొక్క వేరు కాస్త బయటపడితే చాలు, పై అంతస్తువాళ్ళ పిల్లి వచ్చి కల్లు తాగినట్టు దాని మీద పొర్లేది. తుమ్మి పువ్వులు, మోటారు గది పక్క ఆముదపు మొక్క, దాని నీడన కామంచి. కామంచి కాయలు నల్లబడే దాకా ఒక పికిలిపిట్ట గోడ మీద కాపలా కాసేదట, రేషను దుకాణం తెరిచేదాకా నిలబడే మనిషిలాగా.

నా గది పై అంతస్తులో, వీధి వైపు. ఈ సంగతులన్నీ ఆమె చెప్పగా విన్నవే. కొన్ని మొక్కల పేర్లు నా పుస్తకాలు తిరగేసి చెప్పాను. ఆమెకు పేర్ల మీద అంత పట్టింపు లేదు. పిట్టలకు మాత్రం తానే పేర్లు పెట్టుకుంది, అవీ పాత చందాదారుల పేర్లే. గోరింకల జంట ప్లీడరుగారూ, ఆయన భార్యా. ఒకరు మాట్లాడుతుండగా రెండోవారు ఆగరు. పికిలిపిట్ట మిల్లు యజమాని. ధర అడుగుతాడు, ఫోను పెట్టేస్తాడు. పిచ్చుకలు హాస్టలు పిల్లలు.

అన్నిటినీ మించినది ఒకటుండేది. చీకటి విడిపోక ముందే, లోతైన గొంతుతో, ఖాళీ బిందెలోకి ఎవరో ఊదుతున్నట్టు "ఊప్, ఊప్, ఊప్" అని మొదలుపెట్టేది. దానికి ఆమె పెట్టిన పేరు ట్రంకు కాల్.

"ఎంత దూరం నుంచో వస్తున్నట్టుంటుంది అన్నయ్యగారూ. కానీ పక్కనే. మోటారు గది మూలలోనే ఉంటుంది. ఒకసారి కళ్ళారా చూశాను. నల్లటి ఒళ్ళు, ఇటుక రంగు రెక్కలు, ఎర్రటి కళ్ళు. ఆముదపు మొక్క కింద దొరలాగా నడుచుకుంటూ పోయి ఒక నత్తను పట్టుకుంది."

"జెముడుకాకి," అన్నాను.

"ఏ కాకైతేనేం. పొద్దున్నే నన్ను పిలిచేది అదొక్కటే."

ఈ మాట ఆమె నవ్వుతూనే అన్నది. నేనూ నవ్వాను. కానీ అందులో అతిశయోక్తి లేదు. వారానికొకసారి చెల్లెలు ఫోను చేసేది. ఒకనాడు నేను అర్జీ పనిమీద ఆమె గదిలో ఉండగానే ఆ ఫోను వచ్చింది. చెల్లెలి గొంతు ఎంత పెద్దదంటే, వినకుండా ఉండాలంటే నేను బయటికి పోవాలి.

"అక్కా, ఒక్కదానివీ ఆ కొట్టుగదిలో ఏం చేస్తావే? మా దగ్గరికొచ్చెయ్యి."

"మీ ఇల్లు ఎనిమిదో అంతస్తు కదే. అక్కడికి ఏ పిట్టా రాదు."

"పిట్టలతో కాపురమా నీది? మనుషులు చేదయ్యారా?"

"చేదు కాదే. పిట్టలకి బిల్లు రాదు."

చెల్లెలు విసుక్కుని పెట్టేసింది. ఈమె ఫోను బల్ల మీద పెట్టి, చెవి తుడుచుకుని, కిటికీ వైపు తిరిగింది. ఫోను పట్టుకున్నంతసేపూ ఆ ఒక్క చెవీ మూసుకుపోతుంది. ఆ కాసేపట్లో పెరట్లో ఏం జరిగిందో తెలియదు. అందుకే ఎవరితోనూ ఎక్కువసేపు మాట్లాడేది కాదు. చెల్లెలికి ఆ సంగతి చెప్పమన్నాను. "చెబితే ఇంకా బాధపడుతుంది, పిట్ట కంటే తక్కువైపోయానని," అన్నది.

మొన్న వేసవి ముగుస్తుండగా సంఘం నోటీసు అంటించారు. "వెనుక ఖాళీ స్థలమును పిచ్చి మొక్కల బారినుండి కాపాడి సిమెంటు చేయించు విషయము." మొక్కలకు పిచ్చేమిటి? ఎవరూ నీళ్ళు పోయకుండా, ఎవరినీ ఏమీ అడగకుండా, ఇటుక ముక్కల మీద పెరిగి పువ్వు పూసినదానికి పిచ్చి అని పేరు పెట్టి, నెలకొకసారి తోటమాలిని పిలిపించుకునే కుండీ మొక్కకు తెలివి ఉందనడం మనుషులకే చెల్లింది. నోటీసు కింద నా ఆక్షేపణ రాసి సంతకం పెట్టాను. మరునాటికి నోటీసు మార్చి కొత్తది అంటించారు. పాతది నేను ముందే తీసి దాచాను.

మా కార్యదర్శి చెడ్డవాడు కాడు. నేల కనబడితే సిమెంటు వేయాలనే ఒక జబ్బు ఆయనకుంది. అందరూ చాటున సిమెంటు బాబు అంటారు. సమావేశం కింది హాల్లో జరిగింది. ఎక్స్ఛేంజి అక్క తలుపు పక్కన, అలవాటు ప్రకారం, లేచిపోవడానికి వీలుగా కూర్చుంది.

"పాములొస్తాయండీ," అన్నారెవరో.

"ఇంతవరకు ఒక్కటైనా వచ్చిందా?" అన్నాను నేను.

"వచ్చాక మీరు పట్టుకుంటారా బాబాయిగారూ? లేకపోతే దానికీ నోటీసిస్తారా?" అన్నది రెండో అంతస్తు ఇల్లాలు. అందరూ గొల్లుమన్నారు.

కార్యదర్శి పుస్తకం తెరిచాడు. "అభ్యంతరాలేమైనా ఉన్నాయా? బాబాయిగారిది ఎలాగూ ఉంటుంది, అది రాసేశాను. ఇంకెవరికీ లేదు కదా? అయితే—"

"ఒక్క నిమిషం, లైనులో ఉండండి."

ఆ గొంతు ఎవరిదో గుర్తుపట్టడానికి అందరికీ కాస్త సమయం పట్టింది. ఆ తరువాత నవ్వు లేచింది.

"ఇంకా డ్యూటీ దిగలేదా అక్కా?" అన్నాడు కార్యదర్శి.

ఆమె ముఖం కందిపోయింది, అయినా కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. "అక్కడ ఒక పిట్ట ఉంటోందండీ. పొదలో కాపురం. అంతా వదలమని అనడం లేదు. కాస్త మూల వదిలితే చాలు."

"ఏం పిట్ట?"

"జెముడుకాకి."

"కాకికి కూడా వాటానా? నెలనెలా మెయింటెనెన్సు కడుతుందా మరి?"

"తెల్లారకముందే అందరినీ లేపుతుంది. మీ వాచ్‌మన్ చెయ్యని పని, జీతం లేకుండా."

ఈసారి నవ్వు ఆమె పక్షాన వచ్చింది. కార్యదర్శి కూడా నవ్వాడు. "సరే. అక్క ఇన్నేళ్ళలో ఏదీ అడిగిన మనిషి కాదు. కానీ రెండు చివర్లూ వదిలేస్తే ఇక సిమెంటు ఎందుకు? ఒక మూల. ఏది కావాలో నువ్వే చెప్పు అక్కా. రెండోది నున్నగా ఎత్తించేస్తాను."

"మోటారు గది మూల," అన్నది ఆమె. ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

అందరూ చేతులెత్తారు. ఆ సాయంత్రం ఆమె మా మెట్ల దగ్గర చాలాసేపు నిలబడి మాట్లాడింది. తన గొంతు తనకే కొత్తగా ఉందన్నది. "ఎప్పుడూ ఇతరుల కోసమే 'హలో' అన్నాను అన్నయ్యగారూ. నా కాల్ నేనే చేసుకోవడం ఇదే మొదలు."

పని మొదలైన రోజు ఆమె స్టూలు వేసుకుని ఆముదపు మొక్క ముందు కూర్చుంది, కూలీలు పొరపాటున ఇటు పార వేస్తారేమోనని. నేను కూడా దిగి వెళ్ళాను. మేస్త్రీ, ఇద్దరు కూలీలు ఎడమ చివర గుట్ట దగ్గర మొదలుపెట్టారు. తీగలు కొడవళ్ళతో కోసి, మంచాల చట్రాలు ఒక్కొక్కటే లాగారు. ఆమె వాళ్ళకు వీపు పెట్టి, తన మూలను కావలి కాస్తూ కూర్చుంది. పిల్లిని రెండుసార్లు అదిలించింది.

పొద్దు నెత్తి మీదికి వచ్చే వేళకు మేస్త్రీ చేతుల్లో ఏదో పట్టుకుని వచ్చాడు. ఆమెకు వినబడలేదు, ఎడమవైపు నుంచి వచ్చాడు. ఎదుటికి వచ్చి నిలబడ్డాక తలెత్తింది.

"అమ్మా, మీరు చెప్పిన పిట్ట ఎర్ర రెక్కలదేనా? ఇది దానిదేమో చూడండి."

కాలిబంతి అంత గూడు. గడ్డి పోచలు, పుల్లలు, ఎండిన వెదురాకు లాంటి పొడుగాటి ఆకులు గుండ్రంగా చుట్టి, పక్కన ఒక వాకిలి పెట్టింది. లోపల పరిచిన ఆకులు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. గుడ్లు లేవు. కట్టడం అప్పుడే అయిందన్న మాట.

"ఎక్కడిది ఇది?" అన్నది ఆమె.

"అక్కడేనమ్మా, ఆ తీగల్లో. మంచం కోడు లాగితే రెండు పిట్టలు లేచి, పక్క గోడ దాటి వీధి వైపు పోయాయి. అబ్బో, ఎంత తోకలో!"

"అటా?"

"అటే."

"ఇటు కాదా?"

"ఇటేముందమ్మా, ఆముదం మొక్క తప్ప?" మేస్త్రీ మనసున్న మనిషి. ఆమె ముఖం చూసి గొంతు తగ్గించాడు. "నిలబెట్టమంటే మళ్ళీ ఎక్కడైనా పెడతానమ్మా. గూడు చెడలేదు."

ఆమె గూడు అందుకుని ఒడిలో పెట్టుకుంది. తీగ లేకుండా గూడు ఎక్కడ నిలుస్తుంది? ఆముదపు మొక్క కొమ్మల్లో పెట్టి చూశాడు పాపం. అది జారి కామంచి మీద పడింది. మళ్ళీ పెట్టలేదు.

కూత ఇటు వినబడితే గూడు అటెలా ఉందో అర్థం చేసుకోవడానికి మా ఇద్దరికీ సాయంత్రం దాకా పట్టింది. ఆమె కిటికీ దగ్గర కళ్ళు మూసుకుని కూర్చుని, నన్ను గది ఎడమ చివర నిలబడి చప్పట్లు కొట్టమన్నది. కొట్టాను. ఆమె చెయ్యి ఎత్తి కుడివైపు చూపించింది. నేను ఆమె వెనుకనున్న మంచం దగ్గరికి వెళ్ళి కొట్టాను. కుడివైపే చూపించింది. మూడోసారి నేను కొట్టలేదు. ఆమె కళ్ళు తెరిచి నా వైపు చూసింది.

"మంచి చెవి ఎటుంటే లోకమంతా అటే ఉంటుందన్న మాట," అన్నది. "నాకు తెలియనే లేదు అన్నయ్యగారూ. ఎలా తెలుస్తుంది? పనిలో ఉన్నన్నాళ్ళూ గొంతులకు దిక్కు ఉండేది కాదు కదా. అందరూ నా తలలోంచే మాట్లాడేవారు."

ఏ అధికారి అయితే వయోధర్మము అని రాశాడో, అతడిని ఆ గదిలోకి తెచ్చి నిలబెట్టాలనిపించింది నాకు. పరిహారపు పట్టికలో చెవి పోతే ఇంత అని ఉంటుంది, లేదా ఏమీ ఉండదు. చెవితో పాటు కుడి ఎడమలు పోతాయని ఏ పట్టికలోనూ లేదు. ఆమె తప్పు లేదని చెప్పాను. రెండు చెవులున్నవాళ్ళు మా భవనం నిండా ఉన్నారు, ఒక్కరైనా ఆ పిట్ట ఎక్కడ కూస్తోందో విన్నారా అన్నాను.

"ఏ మూల కావాలో ఎంచుకోమన్నారు," అన్నది ఆమె. "ఎంచుకున్నాను."

నడిమి జాగా, ఎడమ చివర, అంతా తెల్లటి సిమెంటయింది. ఎండవేళ దాని వెలుతురు ఆమె గది కప్పు మీద పడి కళ్ళు జిగేలుమనేవి. గోరింకలు వచ్చి కాసేపు దాని మీద అటూ ఇటూ నడిచి, ఏమీ దొరక్క, ఒకదాన్నొకటి తిట్టుకుంటూ వెళ్ళిపోయాయి. మోటారు గది మూల మాత్రం మిగిలింది: ఆముదపు మొక్క, కామంచి, గోడ వారన కాస్త ఉత్తరేణి. వాన పడ్డాక అక్కడ నేల ఉసిరి మొలిచింది. ఆమె రోజూ వెళ్ళి చూసి వచ్చేది. నాకు చెప్పేది కూడా, కానీ పిట్టల ఊసు ఎత్తేది కాదు. కిటికీ దగ్గర కూర్చోవడం మానలేదు. కూర్చునే తీరు మారింది. మాటిమాటికీ తల ఇటు తిప్పి, అటు తిప్పి, మధ్యలో ఆపేసి ఒళ్ళో చేతులు పెట్టుకునేది.

వానలు వెనకపట్టాక కార్యదర్శి వచ్చాడు. నేను కింద వెనుక వరండాలో పత్రిక చదువుకుంటున్నాను. పెరట్లో ఆమె నిలబడి ఉంది.

"అక్కా, ఏమనుకోవద్దు. గూడు అవతల దొరికిందట కదా, మేస్త్రీ చెప్పాడు. ఎలాగూ పిట్ట లేదు. ఈ కాస్తా కలిపేస్తే రెండు బళ్ళు పడతాయి. పై వాటా వాళ్ళు చంపుకు తింటున్నారు."

"పిట్ట లేదన్నదెవరు?"

"మరి గూడు—"

"ఇల్లు కూలిస్తే మనుషులు చచ్చిపోతారా? ఇంకో ఇల్లు చూసుకుంటారు. నిన్న పొద్దున కూడా కూసింది."

"నేను వినలేదే?"

"మీకు రెండు చెవులున్నాయి బాబూ, ఒకటి ఇంకోదాని మీద వదిలేసి పడుకుంటుంది. నాకు ఉన్నది ఒకటే. దానికి సెలవుండదు."

కార్యదర్శి నవ్వలేక నవ్వి నా వైపు తిరిగాడు. "బాబాయిగారూ, మీరు సాక్ష్యం లేని మాట చెప్పే మనిషి కారు. మీరు చెప్పండి. విన్నారా?"

"విన్నాను," అన్నాను.

"అయితే సరే," అని ఆయన చేతులు దులుపుకున్నాడు. పై వాటా వాళ్ళకు ఏం చెప్పాలో గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. ఆమె నా వైపు ఒకసారి చూసింది. లోపలికి వెళ్ళింది.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళ నా తలుపు చప్పుడయింది. ఆమె. మెట్లెక్కి మా ఇంటికి రావడం అదే మొదలు. ఆయాసం తగ్గేదాకా గుమ్మం పట్టుకుని నిలబడింది.

"కూర్చో అమ్మా."

"వద్దండీ. ఒక్క మాట. మీరు ఎప్పుడు విన్నారు?"

నాకు వెంటనే అర్థం కాలేదు.

"పొద్దున పూటా? సాయంత్రమా? వీధి వైపు నుంచి ఏమైనా... గోడ దాటి అటే పోయాయన్నాడు కదా మేస్త్రీ. మీ కిటికీ అటే కదా." కుడి చెవి నా వైపుగా తిప్పి, కళ్ళు నేల మీద పెట్టి, నా జవాబు కోసం నిలబడింది.

నా జీవితంలో చాలా ప్రశ్నలకు రాతపూర్వకంగా సమాధానాలిచ్చాను. ఈ ఒక్కదానికి నోటితో చెప్పవలసి వచ్చింది.

"నేను వినలేదు తల్లీ. ఆయన అడిగాడని అన్నాను."

"నిజంగా వినలేదా?"

"లేదు. నువ్వు నిన్న విన్నానన్నావు కదా?"

"అది ఆయనకు చెప్పిన మాట."

కింద ఎవరో నీళ్ళ మోటారు వేశారు. మళ్ళీ కూర్చోమన్నాను, టీ పెడతానన్నాను. తల అడ్డంగా ఊపింది.

"మీరైనా విన్నారేమోనని వచ్చాను," అన్నది. ఎడమ చేత్తో గోడ తడుముకుంటూ, ఒక్కొక్క మెట్టే దిగి వెళ్ళింది.